నొక్కి వదిలెయ్యాలి

మళ్ళీ మిణుకుమంటోంది ఆ నీలం లైటు. మిణుకుమంటే వెతుకుతున్నట్టు, నిలకడగా వెలిగితే దొరికినట్టు, పెట్టెతో వచ్చిన కాగితంలో బొమ్మ వేసి మరీ చెప్పారు, వెతుకు తల్లీ వెతుకు, నేనూ అదే పనిలో ఉన్నాను, కాకపోతే నీకు తొందర లేదు, నాకుంది. ఇందాక మరిది ఫోను చేశాడు, ఆస్పత్రి నించి బయల్దేరబోతున్నాం వదినా, చివరి సంతకాలు అవుతున్నాయి అని. సంతకాలంటే ఎంతసేపు, దారిలో రద్దీ ఉంటే ఓ గంట, లేకపోతే అంతకంటే ముందే అన్నగారిని తీసుకొచ్చి ఆ గుమ్మంలో నిలబెడతాడు, నిలబెట్టేసరికి నా బొమ్మలన్నీ కాగితం మీదికి రావాలి, కత్తిరించి బల్ల మీద పరిచి ఉండాలి, ఇదిగో చూడండి, ఏం కావాలో వేలు పెట్టి చూపించండి అనాలి నేను ఆయనతో. ఈ ప్రింటరేమో నేను కోట్లు కత్తిరించే బల్ల మీద దర్జాగా కూర్చుని, నా ఫోనులో పేర్ల వరస ఒకటి పెట్టి నీ నెట్‌వర్క్ ఏదో ఎంచుకో అంటోంది. పైవాళ్ళది, ఎదురింటివాళ్ళది, కింద పళ్ళ డాక్టరుగారిది, ఇంకొకటి ఎవరిదో కుక్క పేరనుకుంటాను, వాటి మధ్యలో మాది. అడిగితే చెప్తా. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, మా ఇంటి వైఫై పేరు అది, ఆయన పెట్టిన పేరు. దాని మీద వేలు పెడితే పాస్‌వర్డ్ ఏంటి అంటోంది. అడిగితే చెప్తానన్నావుగా, అడుగుతున్నాను, చెప్పు మరి.

నోటితో ఎప్పుడూ మీరు అనే అంటాను, పెళ్ళయిన దగ్గర్నించీ అంతే, మనసులో మాత్రం కోపమొస్తే నువ్వు అయిపోతారు, ఈ మధ్య మనసులో అంతా నువ్వే. ఎవరికైనా చెప్పావా ఆ పాస్‌వర్డ్, ఒక్కరికంటే ఒక్కరికి? ఇంట్లోకి కొత్త ఫోను వచ్చిందంటే చాలు ఇటు తే అని చెయ్యి చాచడం, అటు తిరిగి టకటకా కొట్టేయడం, ఇదిగో, ఇంక నీ ఇష్టం అని తిరిగిచ్చేయడం. మా అమ్మాయి ఫోనుకీ అంతే, చుట్టాలొచ్చినా అంతే, తన దగ్గర నెట్ పోయిందని కింద పళ్ళ డాక్టరుగారు పైకొచ్చి మొహమాటంగా నిలబడితే ఆయన ఫోనుకీ అంతే. ఇదేం సరదా అండీ మీకు అంటే, చెప్పేస్తే ఇంక నన్నెవరు పిలుస్తారు టైలర్ మేడమ్ అనేవారు. లిఫ్టులు బాగుచేసే మనిషి, పిలిపించుకోవడం ఆయనకి కూడూ నీళ్ళూ. అన్నం ముందు కూర్చున్నా ఫోను మోగితే మొహం వెలిగిపోయేది, ఏ మేడ, ఎన్నో అంతస్తు, ఎలాంటి చప్పుడు చేస్తోంది, కీచుమంటోందా, డబడబమంటోందా, అంటూ లేచిపోయేవారు, తిరిగొచ్చి ఆ చప్పుడు ఎలా ఉందో నోటితో చేసి చూపించేవారు, చూపించి దానికి కారణం ఏంటో నన్ను చెప్పమనేవారు, నాకేం తెలుసు, నేను కుట్టుమిషన్ మనిషిని, బెల్టు వదులైందేమో అనేదాన్ని, ఒక్కోసారి నిజంగా అదే అయ్యేది, ఇంక ఆ రోజంతా వీధిలో అందరికీ చెప్పుకునేవారు, మా ఆవిడ కూర్చున్నచోటు నించే లిఫ్టు బాగుచేసింది అని. అంత మాటకారి. మేం కూడా తక్కువ వాళ్ళం కాదు, అలవాటు పడిపోయాం, కరెంటు బిల్లు ఎలా కట్టాలో, నీళ్ళ మోటారు ఎక్కడ ఆపాలో, టీవీలో ఏది ఎక్కడుందో ఎవరం నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోవడం, మనిషి ఉన్నాడుగా ఇంట్లో.

ఇప్పుడా మనిషి దగ్గర మిగిలిన మాట ఒకే ఒక్కటి. అదే. పక్షవాతం కుడి చెయ్యీ కుడి కాలూ కొంచెం కొంచెంగా తిరిగిచ్చింది గాని మాట ఇవ్వలేదు. మంచినీళ్ళా అంటే అదే. దిండు సర్దనా అంటే అదే. కిటికీ తెరవనా, వెయ్యనా, రెండింటికీ అదే. మొదటి రోజుల్లో మేం సంబరపడిపోయాం కూడా, అమ్మయ్య, అదే అంటున్నారు, సరిగ్గా చెప్పాం అని, నీళ్ళు తెచ్చి నోటి దగ్గర పెడితే తల పక్కకి తిప్పేసుకున్నారు, అప్పటికి గాని తెలియలేదు, నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క ముక్కేనని, లోపల ఏ మాట బయల్దేరినా గుమ్మం దాటేసరికి అదే అయిపోతోందని. మాటలు నేర్పే అమ్మాయి ఒకతి వచ్చేది వార్డుకి, సన్నగా, పెద్ద సంచీతో, ఆయనకి అన్నీ తెలుసమ్మా, మీరు చెప్పేదంతా అర్థమవుతుంది, తెలిసింది బయటికి రావట్లేదంతే అంది. నాకు భయం వేసింది ఆ మాటకి. ఏమీ తెలియకపోతే అదో దారి. అన్నీ తెలిసి, అంత మాటకారి మనిషి, లోపల కూర్చుని మమ్మల్ని చూస్తున్నారా ఇన్నాళ్ళూ. మొన్నటికి మొన్న మధ్యాహ్నం ఏదో కావాలన్నారు, నా చీర కొంగు పట్టుకుని అదే అదే అదే అన్నారు, నీళ్ళు తెచ్చాను, దుప్పటి తీశాను, దుప్పటి కప్పాను, నర్సుని పిలిచాను, మంచం ఎత్తాను, దించాను, అమ్మాయికి ఫోను కలిపి చెవి దగ్గర పెట్టాను, కళ్ళద్దాలిచ్చాను, అరికాళ్ళు రుద్దాను, మరిది వచ్చి రేడియో పెట్టాడు, ఏదీ కాదు, చివరికి ఎడం చేత్తో గ్లాసు విసిరికొట్టి గోడవైపు తిరిగి ఏడ్చారు. పెళ్ళయ్యాక అప్పటిదాకా నేను ఆయన ఏడవడం చూడలేదు. ఏం కావాలనుకున్నారో నాకిప్పటికీ తెలీదు. ఆస్పత్రి కాబట్టి సరే అనుకున్నాను, నా ఇంట్లో, ఆయన ఇంట్లో, ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం అలా గోడవైపు తిరిగితే మాత్రం నేను తట్టుకోలేను, అంతే, తట్టుకోలేను.

అందుకే ఈ బొమ్మలు. బజారులో దొరికే బొమ్మలు వద్దు, మీ ఇంట్లోవే ఫోటోలు తీయండి, ఆయన కప్పు, ఆయన కుర్చీ, ఆయన మనుషులు, చూడగానే నాదే అనిపించాలి అంది ఆ మాటలు నేర్పే అమ్మాయి. తీశాను. రెండు రోజుల నించి ఇల్లంతా తిరిగి తీశాను, పోలీసులు వచ్చినట్టు. చెవి విరిగిన నీలం కప్పు. స్నానాలగది తలుపు. చెప్పులు. పంకా రెగ్యులేటరు, కిటికీ తెరిచి ఒకటి, మూసి ఒకటి. మందుల డబ్బా. అమ్మాయి, మరిది, పళ్ళ డాక్టరుగారు కూడా, పళ్ళు కనిపించేలా నవ్వారు పాపం. ఇవన్నీ వీధి చివర జిరాక్స్ కొట్టులో వేయించుకుంటే సరిపోదా అంటే, ఒకసారితో అయ్యే పని కాదట, ఒక్కో మాట వస్తున్న కొద్దీ, ఒక్కో అవసరం తెలుస్తున్న కొద్దీ రోజూ కొత్తవి చెయ్యాలట, కొట్టువాడు మధ్యాహ్నం తలుపులేసుకుని నిద్రపోతాడు, నేను వెళ్ళినప్పుడే వీళ్ళొచ్చి తాళం ముందు నిలబడితే? మా అమ్మాయి ప్రింటరు కొని పంపింది, వైరు కూడా అక్కర్లేదమ్మా, గాల్లోంచే వచ్చేస్తుంది అంది. గాల్లోనే ఉంది ఇంకా. నిజంగా వైరు కావాలనుకున్నా పెట్టెలో లేదు, అది వేరే కొనుక్కోవాలట. ఇంత పెట్టె, ఇంత థర్మోకోలు, మూరెడు వైరు పెట్టడానికి చేతులు రాలేదు మహానుభావులకి.

ఆయన పుట్టినరోజు కొట్టాను. కాదంది. నాది కొట్టాను. కాదంది. అమ్మాయిది, అమ్మాయి పేరు ముందు పెట్టి, వెనక పెట్టి, పెద్ద అక్షరంతో, చిన్న అక్షరంతో. ఆయన మొదటి బండి నంబరు గుర్తుంది, అదీ కాదంది. ఎన్నిసార్లు కాదన్నా మొహం మాడ్చుకోదు ఈ ప్రింటరు, అదే నీలం మిణుకు, అదే మర్యాద, దయచేసి మళ్ళీ ప్రయత్నించండి. ఏం మనిషివయ్యా నువ్వు, ఇన్నేళ్ళు కలిసి బతికాం, నీ చొక్కా మెడ కొలత చీకట్లో చెప్తాను, ఎడం భుజం కుడి భుజం కంటే దిగువ, ఎవరికీ తెలియకుండా లోపల మెత్త పెట్టి సరిచేసి కుడతాను, నీ పాస్‌వర్డ్ మాత్రం నాకు తెలీదు. ఫోను మోగితే మరిదేమోనని గబుక్కున తీశాను, అమ్మాయి. పని మధ్యలో లేచొచ్చినట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడుతోంది. అయిందా అమ్మా అంది. నీ మొహం అయింది, పాస్‌వర్డ్ అడుగుతోంది, నీకు తెలుసా అన్నాను. నాకెలా తెలుస్తుంది, నాన్నే కదా కొట్టేది అంది. ఫోనులోంచి చూడ్డం కుదరదా అంటే నీది పాత ఫోనమ్మా, అందులో చూపించదు అంది. నాన్న అన్నాక ఆ పిల్ల దగ్గింది, నేను ప్రింటరు మీద లేని దుమ్ము తుడిచాను. ఉండు, పాస్‌వర్డ్ లేకుండా కలిపే పద్ధతి ఒకటుంది, మా ఆఫీసులో అలాగే చేస్తారు, రూటర్ వెనక ఒక గుండీ ఉంటుంది, అది నొక్కి వదిలెయ్, వెంటనే వచ్చి ప్రింటర్ మీద వైర్‌లెస్ గుండీ నొక్కు, రెండూ వాటంతటవే మాట్లాడుకుంటాయి అంది. మాట్లాడుకుంటాయా అన్నాను. మాట్లాడుకుంటాయి, నువ్వు కంగారుపడకు అంది. కంగారు నాకెందుకు, కంగారు పడేవాళ్ళ మొహం ఇలా ఉంటుందా.

రూటర్ ఎక్కడుందంటే బీరువా మీద, పైకప్పుకి జానెడు దూరంలో, అంతెత్తున ఉంటేనే ఇల్లంతా బాగా అందుతుందని ఆయన వాదన, అందుకునేవాళ్ళకి అందక్కర్లేదు. స్టూలు వేసుకుని ఎక్కాను. మోకాలు కలుక్కుమంది. పైన దుమ్ము, దుమ్ములో ఆయన వేళ్ళ జాడలు, ఇంకా ఉన్నాయి, ఒక పాత స్క్రూడ్రైవరు, ఎప్పుడో పోయిందని నేను ఇల్లంతా గాలించిన కొలతల టేపు. దొంగ. వెనక్కి తిప్పాను. గుండీ ఒక్కటే ఉంది, చిన్నది, పక్కన ఏవో రెండు మాటలు, అక్షరాలు చీమ తలకాయలంత, కళ్ళద్దాలు బల్ల మీదున్నాయి, మళ్ళీ దిగి ఎక్కే ఓపిక ఎక్కడిది, కింద ఏదో కారు ఆగిన చప్పుడైంది, వచ్చేశారా, కాదు, వెళ్ళిపోయింది. నొక్కాను. నొక్కి వదిలెయ్ అని పిల్ల చెప్పింది, చెవులతో విన్నాను, కానీ నా చేతులకి వేరే చదువుంది. చొక్కా కాలరు బిర్రుగా నిలవడానికి లోపల బక్రం గుడ్డ అంటించేటప్పుడు ఇస్త్రీపెట్టె పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి, కదపకూడదు, మనసులో నెమ్మదిగా లెక్కపెట్టుకోవాలి, తొందరపడి తీస్తే మొదటి ఉతుకుకే బుడగలొచ్చేస్తాయి, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ముందు చెప్పే మాట అదే, తగలగానే తీయకు, పట్టేదాకా పట్టుకో. కాబట్టి పట్టుకున్నాను. బొటనవేలు తెల్లబడేదాకా, ఈసారి ఊడిపోకూడదు, ఈసారి గట్టిగా అతుక్కోవాలి అనుకుంటూ పట్టుకున్నాను. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి, భలే అనుకున్నాను. తర్వాత అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

దిగాను. ఎలా దిగానో తెలీదు. ఫోనులో నెట్ గుర్తు లేదు. ప్రింటర్ పేర్ల వరస తెరిస్తే పైవాళ్ళున్నారు, ఎదురింటివాళ్ళున్నారు, పళ్ళ డాక్టరుగారున్నారు, కుక్క ఉంది, అడిగితే చెప్తా లేదు. కిందికి జరిపాను, పైకి జరిపాను, మూసి తెరిచాను. దాని చోట్లో ఏదో కంపెనీ పేరూ, వెనక పొడుగాటి అంకెలూ, ఇంకెవరి ఇల్లో అన్నట్టు. లేదు. అమ్మాయి లైనులోనే ఉందట, చేతిలో ఫోనులోంచే చిన్నగా అమ్మా అమ్మా అని వినిపిస్తోంది, చెవి దగ్గర పెట్టుకుని పేరు పోయిందే అన్నాను. ఏ పేరు అంది. నాన్న పెట్టిన పేరు. ఎంతసేపు నొక్కావమ్మా అంది. చెప్పాను. అయ్యో, కొన్నిటికి రెండింటికీ ఒకటే గుండీ ఉంటుంది, నొక్కి వదిలితే కలుస్తుంది, పట్టుకుని ఉంటే మొత్తం చెరిగిపోయి కొత్తదైపోతుంది, ఫరవాలేదులే, ఇంకా మంచిదే, పాస్‌వర్డ్ రూటర్ కింద చీటీ మీద ఉంటుంది అంది. మంచిదేనట. దానికేం తెలుసు. ఈ ఇంట్లో ఆయన మాటగా మిగిలింది అదొక్కటే. ఆస్పత్రి నించి ఏ వేళప్పుడు ఇంటికొచ్చినా గుమ్మం దగ్గర ఫోను ఒక్కసారి కదిలి, అడిగితే చెప్తా, కలిసింది అని చూపించేది, నేను చెప్పులు విప్పకుండా ఆ ముక్క చదువుకునేదాన్ని, ఎవరితోనూ అనలేదు గాని రోజూ దానికోసమే ఫోను చేతిలో పట్టుకుని మెట్లెక్కేదాన్ని. చేతులారా చెరిపేశాను. కాలరుకి బక్రం అంటించినట్టు అదిమి మరీ చెరిపాను. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా టైము లేదు, ముక్కు తుడుచుకుని కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ స్టూలెక్కాను.

చీటీ ఉంది నిజంగానే, రూటర్ కడుపు కింద, ఎవరూ దాచలేదు, అచ్చు వేసి మరీ అంటించారు. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూసుకుంటూ ముందు ఫోనుకీ, తర్వాత ప్రింటరుకీ ఒక్కో అక్షరం కొట్టాను, సున్నాయో ఓ అక్షరమో తెలియక రెండుసార్లు తప్పు, మూడోసారి నీలం లైటు మిణుకుమని, మిణుకుమని, ఆగింది. నిలకడగా. అంతేనా. ఇంత గోలా దీనికా. సంతోషం కలగాలి కదా, కలగలేదు, ఆ లైటు వైపు చూస్తుంటే ఎవరో తెలియని మనిషి ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టుంది. అయినా పని పనే. ఫోనులో కప్పు ఫోటో తెరిచి ప్రింటరుకి పంపాను. ప్రింటరు లోపల ఏదో కదిలింది, గొంతు సవరించుకుంది, కాగితాన్ని కిందినించి లాక్కుంది, కర్రుకర్రుమని అటూ ఇటూ తిరిగి, కప్పు వచ్చింది. నీలం కొంచెం ఊదాగా ఉంది గాని కప్పే, విరిగిన చెవితో సహా. తర్వాత కుర్చీ. చెప్పులు. కిటికీ. పళ్ళ డాక్టరుగారు అడ్డం చారలతో వచ్చారు, జైల్లోంచి చూస్తున్నట్టు, మళ్ళీ వేశాను. ఒక్కొక్కటీ తడితడిగా వస్తుంటే తీసి కత్తిరిస్తున్నాను, కత్తిరిస్తుంటే చూసుకున్నాను, చేతిలో ఉన్నది నా బట్టల కత్తెర. దాంతో కాగితం కత్తిరిస్తే పదును చచ్చిపోతుంది, ఇంట్లో దాన్ని ఎవరు ముట్టుకున్నా చేతులు విరుస్తానని నేనే అంటాను, ఒకసారి ఈయన దాంతో వైరు కత్తిరిస్తే పలకడం మానేశాను. చావనీ పదును. సానబెట్టించుకుంటాను.

నావన్నీ అయిపోయాక ఆ మాటలు నేర్పే అమ్మాయి పంపినవి వేశాను, ఫోటోలు తీయలేనివి, నొప్పి, చలి, ఆకలి, అవును, కాదు, ఇంకా కావాలి, గీతలతో గీసిన బొమ్మలు, కింద పెద్ద అక్షరాలు. అన్నిటికంటే చివర ఇంకొకటి వచ్చింది. మూసిన గది, లోపల కుర్చీలో ఒక మనిషి, ఒక్కడే. నన్ను కాసేపు ఒంటరిగా ఉండనివ్వండి. ఇదెందుకు పంపిందో. ఇన్నాళ్ళూ మాట లేకుండా ఒంటరిగానే ఉన్నారు పాపం, ఇంకా ఒంటరితనమా, మా ఇంట్లో ఎవరికి కావాలి అనుకుని దాన్ని కత్తిరించకుండానే కట్టకి అడుగున పెట్టేశాను. పెడుతుండగానే మరిది ఫోను, కిందకొచ్చేశాం వదినా, లిఫ్టు ఎక్కిస్తున్నా. కొంగుతో మొహం తుడుచుకున్నాను, బల్ల మీద బొమ్మలు వరసగా సర్దాను, సరిపోలేదు, మనుషులు ఒక వరస, వస్తువులు ఒక వరస పెట్టాను, మళ్ళీ తీసి కలిపాను, స్టూలు అడ్డంగా ఉంది, తీయబోయేసరికి తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఆగారు. మరిది భుజం మీద ఒక చెయ్యి, కర్ర మీద ఒక చెయ్యి, నేను కుట్టిన చొక్కానే, లోపల మనిషి తగ్గి మెడ దగ్గర రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ. రండి అన్నాను. ఇల్లు చూశారు. మెల్లగా, మూల నించి మూలకి చూశారు. కుర్చీలో కూర్చోబెట్టేసరికి మరిది మొదలుపెట్టాడు, చూశావా అన్నయ్యా, వదిన ఎన్ని బొమ్మలు చేసిందో, దారంతా కబుర్లు చెప్తూనే ఉన్నాను వదినా, విసుగు రానివ్వలేదు, అని. నేను ఊరుకున్నానా, ఇదిగో మీ కప్పు, కాఫీ కావాలంటే ఇది, ఇది కిటికీ, ఇది పడుకోవడానికి, అమ్మాయితో మాట్లాడాలంటే ఇదిగో అమ్మాయి, కాళ్ళు నొప్పా, ఇది చూపించండి చాలు, పంకా వెయ్యమంటారా, ఒక్కొక్కటీ ఆయన చేతి కిందికి తోస్తూ పోతున్నాను. ఆయన ఎడం చెయ్యి బొమ్మల మీదుగా నడిచింది. కప్పు దగ్గర ఆగింది, దాటిపోయింది. కుర్చీ, కిటికీ, అమ్మాయి, దాటిపోయింది, పళ్ళ డాక్టరుగారిని చూసి పెదవి కాస్త కదిలింది, దాటిపోయింది. కట్టలో మిగిలినవి కూడా తీయించారు, నొప్పి కాదు, చలి కాదు. అడుగున కత్తిరించని కాగితం. దాని మీద వేలు పెట్టారు. అది కాదండీ, అది పొరపాటున వచ్చింది, ఇటు చూడండి అని నేను కప్పు ముందుకి జరిపాను. నా చెయ్యి పట్టుకుని తీసి పక్కన పెట్టారు, మర్యాదగానే, కప్పుని కూడా తీసి పక్కన పెట్టారు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మీద మళ్ళీ వేలు పెట్టి నా కళ్ళలోకి చూశారు. అదే అని కూడా అనలేదు. అవసరం లేకపోయింది.

మరిదిని జబ్బ పట్టుకుని బయటికి తెచ్చాను, తలుపు నేనే దగ్గరగా వేశాను. ఏమైంది వదినా, అన్నయ్య ఏమన్నాడు అంటాడు. వెళ్ళమన్నారు అన్నాను. ఎక్కడికి? ఎక్కడికో ఒకచోటికి, మనల్ని. మెట్ల మీద కూర్చున్నాం ఇద్దరం, బయటికి పంపేసిన పిల్లల్లాగా. రోషం వచ్చింది, ఎందుకు రాదు, రెండు రోజులు ఇల్లంతా ఫోటోలు తీసి, వైఫై చంపి, కత్తెర చంపి చేస్తే నాకు దొరికిన మాట ఇదా. అంతలోనే ఇంకొకటి కూడా వచ్చింది, దాన్ని ఏమంటారో, ఆయన ఒక మాట అన్నారు, నాకు అర్థమైంది, ఊహించలేదు, బతిమాలలేదు, ఆయన చెప్పారు, నేను విన్నాను. పడిపోయిన రోజు నించి ఇదే మొదటిసారి. ఇంతమంది ఇన్ని వారాలు ఆ మంచం చుట్టూ మూగి ఒక్క క్షణం ఊపిరి తీసుకోనివ్వలేదు కదా అని అప్పుడు తట్టింది, ఒళ్ళు మండింది, నా మీదే. అయినా చెయ్యి తలుపు మీదికి పోతూనే ఉంది, పడిపోతారేమో, దాహం వేస్తుందేమో, వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను, మళ్ళీ పోతోంది. మరి మళ్ళీ లోపలికి ఎప్పుడు వెళ్ళాలి వదినా అన్నాడు మరిది. ఆయన పిలిచినప్పుడు అన్నాను. ఎలా పిలుస్తాడు అన్నాడు. నిజమే. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకీ బొమ్మ చేశాను, చెప్పులక్కూడా చేశాను, నాకు చెయ్యలేదు. ఫోటో తీసేదాన్ని నేనే కదా, నేనక్కడే ఉంటాను కదా అనుకున్నాను, పొమ్మనడానికి కాగితం ఉంది, రమ్మనడానికి లేదు.

ఫోను తిప్పి పట్టుకున్నాను. నన్ను నేను తీసుకోవడం నాకు రాదు, మొదటిదాంట్లో నా నుదురూ మరిది చెవీ పడ్డాయి, రెండోదాంట్లో ఇద్దరం పడ్డాం, జుట్టంతా రేగిపోయి నేను, మెట్టు మీద ముడుచుకుని, పక్కన వాడు నోరు తెరుచుకుని. ఇదే చాలు. ప్రింటరుకి పంపు అని నొక్కాను. తలుపు అవతల ప్రింటరు కదిలింది, గొంతు సవరించుకుంది, కాగితం లాక్కుంది, కర్రుకర్రుమని అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. కాగితం పళ్ళెంలో పడింది. కుర్చీ చప్పుడు, కర్ర నేల మీద ఆనిన చప్పుడు, ఒక అడుగు, ఇంకో అడుగు, తర్వాత ఏమీ లేదు, ఏమీ లేదు, ఆ తర్వాత నవ్వు. అరిగిపోని నవ్వు, పాతదే, కడుపులోంచి వచ్చేదే, మాటలన్నీ పోయినా దానికేమీ కానట్టుంది. మరిది చటుక్కున లేవబోయాడు. ఇంకా పిలవలేదు అని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.